ప్రకటన గ్రంథం తెరవాలంటేనే భయం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న ఊరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా వారికి బైకుల మెకానిక్ షెడ్డు ఉంది. మాకు తొమ్మిదేళ్ల పాప. రెండేళ్లుగా మా వారు రాత్రి షెడ్డు మూసి వచ్చాక ఫోన్లో ప్రవచనాల వీడియోలే చూస్తున్నారు. ఇశ్రాయేలు, ఇరాన్, గోగు మాగోగు, 666, ఏడేండ్ల శ్రమలు, ఎప్పుడూ ఇవే. పన్నెండు దాటినా పడుకోరు. "ఇంకెన్నాళ్లులే, ప్రభువు వచ్చేస్తున్నాడు" అంటూ పాప పేరున కట్టే సుకన్య సమృద్ధి డబ్బు కూడా మానేశారు. మా అత్తగారు పోయినప్పటి నుంచి ఇలా అయ్యారు. నాకేమో చిన్నప్పటి నుంచి ఆ మాటలంటేనే భయం. సండే స్కూల్లో ఎత్తబడుట గురించి విన్నాక, బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ కనబడకపోతే, ప్రభువు వచ్చి అందరినీ తీసుకెళ్లిపోయాడు, నేనొక్కదాన్నే మిగిలిపోయానని ఏడ్చేదాన్ని. ఇప్పటికీ ఆ టెన్షన్ పోలేదు. మా పాస్టరుగారు బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం జోలికి వెళ్లరు. "రక్షణకు అవి అక్కర్లేదమ్మా, సువార్తలు చదువుకో చాలు" అన్నారు. నాకూ అదే మేలనిపిస్తోంది. అంత్యదినాల ప్రవచనాలు మనలాంటివాళ్లు నిజంగా చదవాలా? వదిలేస్తే తప్పా?

– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: సోదరీ, వందనాలు.

చదవాలి. భయపడేవాళ్లు మరీ చదవాలి. మీలాంటివాళ్లు వదిలేస్తే ఆ పుస్తకాలు ఎవరి చేతికి పోతాయో మీ ఇంట్లోనే కనబడుతోంది. గుళ్లో పాస్టరుగారు ఎత్తరు, ఇంట్లో మీరు తెరవరు. ఇక ఆ సంగతులు మీ వారికి చెప్పేదెవరు? అర్ధరాత్రి ఫోన్లో మాట్లాడే ఒక మనిషి. ఆయన మీ వారి ముఖం చూసినవాడు కాదు, మీ పాపకు ఫీజు కట్టేవాడూ కాదు.

పాస్టరుగారి జంకు నాకు తెలుసు. కొత్త నిబంధనలో దాదాపు అన్ని పుస్తకాలకూ వ్యాఖ్యానం రాసిన సంఘ సంస్కర్త కాల్విన్ ప్రకటన గ్రంథానికి రాయలేదు. మరో సంస్కర్త లూథర్ 1522లో జర్మన్ కొత్త నిబంధన అచ్చు వేయించినప్పుడు, ఈ పుస్తకం తన మనసుకు పట్టడం లేదని ముందుమాటలోనే రాసేశాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ ముందుమాట మార్చి కాస్త మెత్తబడ్డాడనుకోండి. అంతటివాళ్లే తటపటాయించారు, ఊరి పాస్టరుగారిని ఏమంటాం? అయితే "సువార్తలు చాలు" అన్న దగ్గరే ఆయన దొరికిపోయారు. ప్రభువు తన రాకడ గురించి చెప్పిన మత్తయి 24, మార్కు 13, లూకా 21 సువార్తల్లోవే కదా. ప్రభువు బల్లలో చేయి వేసిన ప్రతిసారీ ఆయన "వచ్చువరకు" ఆయన మరణాన్ని ప్రచురిస్తున్నామని పౌలు కొరింథీయులకు రాశాడు. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని విశ్వాస ప్రమాణంలో మనమే పలుకుతున్నాం.

అంతెందుకు, ప్రకటన గ్రంథం వాడని గుడి మన దగ్గర ఎక్కడుంది? ఎవరైనా పోయినప్పుడు అచ్చు వేసే ఆదరణ కూడిక కార్డు తీసి చూడండి. ఫొటో కింద "ప్రభువునందు మృతినొందు మృతులు ధన్యులు" అని ఉంటుంది. అది ప్రకటన 14:13. అది కాకపోతే "ఆయన వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయును" అని ఉంటుంది. అది 21:4. మీ అత్తగారి కార్డు ఇంట్లో బైబిల్లోనో బీరువాలోనో ఉండే ఉంటుంది.

అత్తగారి మాట ఎందుకెత్తానంటే, మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది అక్కడే. "ఆమె పోయినప్పటి నుంచి ఇలా అయ్యారు" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయారు. అసలు సంగతి అందులోనే ఉందని నాకనిపిస్తోంది. తల్లి పోయిన కొడుకు నిద్ర మానుకుని ప్రభువు ఎప్పుడొస్తాడా అని వెతుకుతున్నాడంటే, ఆయనకు కావలసింది ఇరాన్ సంగతులు కాకపోవచ్చు. అమ్మను మళ్లీ చూస్తానా అన్నది కావచ్చు. మగవాళ్లు ఆ మాట నోరు తెరిచి అడగరు, అందులోనూ మన ఊళ్లలో.

ఆ ప్రశ్నను థెస్సలొనీక విశ్వాసులు అడిగారు. క్రీ.శ. 50 ప్రాంతం. ఇప్పటి గ్రీసులో ఉన్న ఆ రేవు పట్టణంలో పౌలు సమాజమందిరంలో మూడు విశ్రాంతి దినాలు మాట్లాడాడు. తర్వాత అల్లరి లేచింది, రాత్రికి రాత్రే ఊరు దాటించారు. ఆయన అక్కడ ఉన్నది కొద్దికాలమే. అయినా రెండో పత్రికలో, క్రీస్తువిరోధి సంగతులు రాస్తూ, "నేను మీ దగ్గరున్నప్పుడే ఇవి చెప్పాను కదా, గుర్తులేదా" అంటాడు (2:5). నిన్నగాక మొన్న విగ్రహాలు వదిలినవాళ్లకు ఇవన్నీ ఇప్పుడెందుకులే అని ఆయన పక్కన పెట్టలేదు. మీ పాస్టరుగారికి చూపించాల్సిన వచనం ఇది.

పౌలు వెళ్లాక ఆ సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేలోపే పోయారే, మరి వాళ్ల గతేమిటి, ఆ దినాన వాళ్లు లేకుండా పోతారా అని మిగిలినవాళ్లు కుమిలిపోయారు. దానికి జవాబే మొదటి పత్రిక 4:13 నుంచి 18 దాకా. ముందు లేచేది మృతులే. తర్వాత బ్రతికున్నవాళ్లం వారితో కూడ ఏకంగా ప్రభువును ఎదుర్కోడానికి వెళ్తాం. చివరి మాట, "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుడి."

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. చిన్నప్పుడు మిమ్మల్ని ఏడిపించింది ఈ వాక్యభాగమే. పోయినవాళ్లను కలుసుకుంటారని దుఃఖంలో ఉన్నవాళ్లకు రాసిన మాటల్ని, నువ్వొక్కదానివే మిగిలిపోతావని ఒక చిన్నపిల్లకు చెప్పారు. ఆ టీచరు ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది, పిల్లలు మారుమనసు పొందాలని. కానీ తల్లి లేని ఇల్లు చూపించి పిల్లల్ని ప్రభువు దగ్గరికి తోలడం నాకు ఎప్పుడూ నచ్చదు. మీరు భయపడుతున్నది పౌలు రాసినదానికి కాదు, అందులోంచి సగం విరిచి మీకు చెప్పినదానికి. మొత్తం చదవమనడం అందుకే.

ఎత్తబడుట, చివరి రోజుల్లో లోకం మీదికి వస్తాయనే శ్రమలకు ముందా తర్వాతా అన్నదాంట్లో దేవుని బిడ్డల్లోనే తేడాలున్నాయి. ఇది కూడా మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఏడేండ్ల శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనే క్రమం 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు, ఆయన బ్రదరన్ సహవాసం ద్వారా బాగా వ్యాపించింది. ఆ సహవాసంలోని ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే ఆ తర్వాత మీ జిల్లా నరసాపురంలో సువార్త పని మొదలుపెట్టాయి. మరోవైపు, ప్రకటన 20లో క్రీస్తు ఏలే వెయ్యేండ్లు అంటే ఇప్పుడు నడుస్తున్న సంఘ కాలమేనని ఐదో శతాబ్దంలో బిషప్పు అగస్టీన్ చెప్పాడు. లూథరన్ సంఘాలు, మరెన్నో పాత సంఘాలు ఇప్పటికీ దాదాపు అదే పట్టుకున్నాయి. ఆయన వస్తాడు, మృతులు లేస్తారు, తీర్పు ఉంటుంది, దేవుడు మనుషులతో నివసిస్తాడు. ఈ నాలుగింటి మీద వీళ్లెవరికీ పేచీ లేదు. మీరు ముందు వీటి మీద నిలబడండి. మిగతా చార్టులు నిదానంగా చూసుకోవచ్చు.

పాప డబ్బు సంగతికి వస్తాను. దీనికి మీ వారితో వాదించొద్దు, యిర్మీయా 32 తెరిచి పెట్టండి. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. ఊరు పడిపోతుందని చెప్పినందుకే యిర్మీయా ప్రవక్త కావలిలో బందీగా ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం ఉంది, నువ్వు కొనుక్కో అంటాడు. అనాతోతు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్లే. చుట్టూ శత్రువులు ఉండగా దాన్ని కొనే తెలివితక్కువవాడు ఎవడు? యిర్మీయా కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పిలిచి క్రయపత్రం రాయించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, వేయనిది ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టి కుండలో పెట్టించాడు. ఊరు కాలిపోతుందని అందరికంటే ముందు తెలిసిన మనిషి పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు! ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారని దేవుడు చెప్పాడు కాబట్టి. రాబోయేది తెలిసినవాడు రేపటి పని మానలేదు.

ఇంకొకాయన దానియేలు. ప్రవచనం చదవడమంటే ఏమిటో చూడాలంటే దానియేలు 9 చూడాలి. ఆ ముసలాయన యిర్మీయా గ్రంథం చదివి, యెరూషలేము పాడుగా ఉండేది 70 ఏళ్లని తెలుసుకున్నాడు. తెలిసినవాడు ఏం చేశాడు? లెక్క పట్టుకుని ఊరంతా తిరగలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని, "మేము పాపం చేశాం" అని ప్రార్థన చేశాడు. పక్కవాళ్ల పాపం అనలేదు, మేము అన్నాడు. దానికి ముందు అధ్యాయం చివర్లో ఇంకో చిన్న సంగతి ఉంది. దర్శనం చూసి మూర్ఛపోయి కొన్నాళ్లు జబ్బుపడి, తర్వాత లేచి రాజు పని చేసుకుంటూ వచ్చాడట. మీ వారు పొద్దున్నే షెడ్డు తెరిచి ఒప్పుకున్న బండి సాయంత్రానికి ఇచ్చేస్తే, అది దానియేలు పద్ధతే.

సుకన్య ఖాతాలో ఏడాదికి కనీసం 250 రూపాయలు వేయాలి. వేయని ఏడాదికి ఆ 250తో పాటు 50 రూపాయల జరిమానా కడితే ఖాతా మళ్లీ నడుస్తుంది. పాస్‌బుక్ తీసుకుని ఖాతా ఉన్న పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లండి. మీ వారు వెళ్తే సరే, లేకపోతే మీరే కట్టేయండి. మీ జీతంలోంచి కట్టడానికి పెద్ద గొడవ అక్కర్లేదు.

ఇలాంటివి మానేయించిన బోధలు ఎటుపోయాయో కూడా మీకు తెలియాలి. దక్షిణ కొరియాలో లీ జాంగ్ రిమ్ అనే బోధకుడు 1992 అక్టోబరు 28న సంఘం ఎత్తబడుతుందని తేదీ పెట్టాడు. నమ్మినవాళ్లు ఉద్యోగాలు మానేశారు, ఇళ్లు అమ్మి ఇచ్చారు. పోలీసులు చూస్తే, ఆ బోధకుడు మాత్రం ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు కొనిపెట్టుకున్నాడు. మోసం కేసులో జైలు శిక్ష పడింది. అందరూ ఇలాంటి మోసగాళ్లని కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథాన్ని ఏళ్ల తరబడి నిజాయితీగా చదివినవాడే. 1843 - 44 మధ్యలో ప్రభువు వస్తాడని లెక్క కట్టాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అన్నారు. కొందరు రైతులు పొలంలో బంగాళాదుంపలు తవ్వకుండా వదిలేశారు. మర్నాడు తెల్లవారింది. నిజాయితీ ఉన్నంత మాత్రాన లెక్క సరిపోదు. "తండ్రి తన స్వాధీనమందుంచుకొని యున్నాడు" అని ప్రభువు చెప్పిన దాంట్లో (అపొ. కార్య. 1:7) చేయి పెట్టినవాళ్లందరికీ ఇదే అయింది.

గోగు మాగోగుదీ అదే కథ. యెహెజ్కేలు 38లో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే గోగు అంటే, ఆ రోజుల్లో రోమా మీద పడుతున్న గోత్ తెగవాళ్లేనని నాలుగో శతాబ్దంలో మిలాను బిషప్పు అంబ్రోసు రాశాడు. పదహారో శతాబ్దంలో లూథర్ తుర్కులన్నాడు. మన చిన్నప్పుడు సోవియట్ యూనియన్ అన్నారు, 1991లో అది లేకుండా పోయింది. వీడియోలో ఈ వారం ఎవరి పేరు చెబుతున్నారో నేను అడగను. మీ వారిని మాత్రం అడగండి, యెహెజ్కేలు 38 మొత్తం ఎప్పుడైనా చదివారా అని. ఎగతాళిగా కాదు, "రండి, ఇద్దరం చదువుదాం" అన్నట్టుగా.

మృగం ముద్రకు సంబంధించిన సంఖ్య 666 సంగతి కూడా అంతే. బార్‌కోడ్ వచ్చినప్పుడు అదే ముద్ర అన్నారు, కరోనా టీకా వచ్చినప్పుడు అదే అన్నారు. ఆ భయంతో టీకా వేయించుకోని పెద్దవాళ్లూ ఉన్నారు. ముద్ర గురించి ప్రకటన 13 చివర్లో ఉంది. ఆ పేజీ మీదే బైబిలు మూసేస్తారు చాలామంది. పక్క వచనం 14:1లో గొఱ్ఱెపిల్ల, అంటే క్రీస్తు, నామమూ, ఆయన తండ్రి నామమూ నొసళ్ల మీద రాసి ఉన్నవాళ్లు సీయోను కొండ మీద నిలబడి ఉన్నారు. ముద్ర రెండు వైపులా ఉంది. ఈ పుస్తకం రాసిన యోహాను అడిగేది నువ్వు ఎవరివాడివి, ఎవరికి మొక్కుతావు అని. కొనడం అమ్మడం ఆగిపోతుందంటే లొంగిపోతావా అని. అధికారి బల్ల కిందనుంచి లంచం అడిగితే, కట్టకపోతే లైసెన్సు రాదంటే, ఆ ప్రశ్న మీ వారి షెడ్డులోకే వచ్చింది. దానికి చిప్పు అవసరం లేదు.

ఈ పుస్తకాలు వదిలేస్తే ఇంకొకటి పోగొట్టుకుంటాం, దీన్ని ఎవరూ చెప్పగా నేను పెద్దగా వినలేదు. ప్రకటన 18లో బబులోను అనే మహానగరం కూలిపోతుంటే వర్తకులు ఏడుస్తారు. వాళ్ల సరుకుల పట్టీ చదవండి. బంగారంతో మొదలవుతుంది, వెండి, రత్నాలు, ముత్యాలు, పట్టు, దంతపు సామాను, ద్రాక్షారసం, నూనె, గోధుమలు, పశువులు, గుఱ్ఱాలు, రథాలు, అన్నిటికంటే చివర దాసులు, మనుషుల ప్రాణాలు. వాళ్ల పట్టీలో మనిషి అట్టడుగున ఉన్నాడు. ఏజెంటు మాట నమ్మి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి, పాస్‌పోర్టు లాక్కుంటే తిరిగి రాలేక ఇరుక్కున్న ఆడవాళ్లు మీ గోదావరి జిల్లాల్లో ఎంతమంది లేరు? ఆ తల్లుల దగ్గర ఈ అధ్యాయం చదివి చూడండి. దేవుడు ఆ పట్టీని చూశాడు, తీర్పు ఉంది అన్నది వాళ్లకు భయపెట్టే మాట కాదు, ఎదురుచూసే మాట. విశ్వాసం కోసం చంపబడి బలిపీఠం కింద ఉన్నవాళ్లు "ఎందాక" అని మొరపెట్టింది (6:10) ఇలాంటి చోటి నుంచే. సుఖంగా ఉన్న మనకు తీర్పు అంటే వణుకు పుడుతుందంటే, మనం ఏ వైపున ఉన్నామో కూడా కాస్త చూసుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలంటారేమో. మృగాలతో మొదలుపెట్టకండి. ముందు 1, 2 థెస్సలొనీక పత్రికలు, రెండూ కలిపి అరగంటలో అయిపోతాయి. 4:13-18 దగ్గరికి వచ్చినప్పుడు మీ వారినే పైకి చదవమనండి. వ్యాఖ్యానం చేయకండి. ఆయన అమ్మ మాట ఎత్తితే విని ఊరుకోండి. తర్వాత మత్తయి 24, వెంటనే 25 కూడా. చాలామంది 24 దగ్గర ఆగిపోతారు, 25లో ప్రభువు తన రాకడ సంగతులు చెబుతూనే దీపంలో నూనె, యజమాని ఇచ్చిన తలాంతులు, ఆకలిగొన్నవాడికి అన్నం అంటాడు. తర్వాత దానియేలు మొదటి ఏడు అధ్యాయాలు. అప్పుడు ప్రకటన, 22 అధ్యాయాలు, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు వింటూ. 1:3లో "చదువువాడును, వాటిని విని" గైకొనువారును ధన్యులని ఉంది, అది ఇంట్లో ఇద్దరు కూర్చుని చేయగలిగిన పనే. అర్థం కాని చోట గీత గీసి ముందుకెళ్లండి. ప్రతి అధ్యాయం దగ్గరా ఒక్కటే అడగండి, ఇది ఆ రోజుల్లో రోమా చక్రవర్తి కింద నలుగుతున్న, ఈ పుస్తకం ఎవరికి రాశారో ఆ ఏడు సంఘాలవాళ్లు వింటే ఏం చేసి ఉంటారు అని. వాళ్లకు అర్థం కాని అర్థం మీ వీడియోలో చెబుతుంటే దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

వీడియోలు పూర్తిగా మానమని రేపే చెప్పకండి, వినరు. చదివేదాకా ఫోను వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టమనండి, ముందు అది చాలు. పాప మెలకువగా ఉన్నప్పుడు మాత్రం ఆ వీడియోలు వద్దని గట్టిగానే చెప్పండి. మీరు పడ్డ భయం ఆ పిల్లకు అంటకూడదు. ఆమెకు చివరి రెండు అధ్యాయాలు చదివి వినిపించండి, పన్నెండు గుమ్మాలు, అవి ఎప్పుడూ మూయరు, నెలనెలా కాసే జీవవృక్షం. తొమ్మిదేళ్లవాళ్లకు అవి భలే నచ్చుతాయి.

ఇక పాస్టరుగారు. ఆయన్ను ప్రకటన గ్రంథమంతా బోధించమని అడిగితే పారిపోతారు. 2, 3 అధ్యాయాల్లో ఏడు సంఘాలకు ఏడు ఉత్తరాలున్నాయి, ఏడు బుధవారాల బైబిలు స్టడీకి సరిగ్గా సరిపోతాయి. వాటిలో తలలూ కొమ్ములూ ఏవీ లేవు, ఇప్పటి టర్కీలోని ఏడు ఊళ్లు, అక్కడి సంఘాల మంచీ చెడూ తప్ప. ఉదాహరణకు లవొదికయ, క్రీ.శ. 60లో భూకంపంతో కూలి, రోమా సాయం లేకుండా తన డబ్బుతోనే మళ్లీ కట్టుకున్న ఊరు. నేను ధనవంతుడను, నాకేమీ కొదువ లేదు అని ఆ సంఘం ఎందుకు అనుకుందో వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటిది చెప్పడానికి ఏ పాస్టరుగారికీ జంకు ఉండదు. అయినా కాదంటే, స్త్రీల కూడికలో వాక్యం చెప్పే వంతు మీకు వచ్చినప్పుడు మొదటి ఉత్తరం, ఎఫెసుది, మీరే తీసుకోండి. మీరు టీచరే కదా.